దిద్దేవారి కళ్లతో చదవడం: అమెరికా ఫెడరల్ కాంట్రాక్టుల్లో ప్రపోజల్ నాయకత్వం

(ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

అమెరికా ఫెడరల్ ప్రభుత్వానికి సాఫ్ట్‌వేరు, ఇంజనీరింగ్, నిర్వహణ సేవలు అందించే కంపెనీలలో పనిచేస్తున్నవారు, అటువంటి చిన్న కంపెనీలను సొంతంగా నడుపుతున్నవారు ఈ సభలో ఎక్కువమంది ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. 2023 ఆర్థిక సంవత్సరంలో ఫెడరల్ ప్రభుత్వం కాంట్రాక్టుల మీద వెచ్చించిన మొత్తం దాదాపు 75,900 కోట్ల డాలర్లు. అందులో పోటీ పద్ధతిన ఇచ్చిన ప్రతి పెద్ద కాంట్రాక్టు వెనుక ఆ పనిని ఎలా, ఎంతకు చేస్తామో చెప్పే ఒక ప్రతిపాదన ఉంటుంది, దాన్ని రాసిన బృందం ఉంటుంది, ఆ బృందాన్ని గడువు దాకా నడిపించిన మనిషి ఒకరు ఉంటారు. ఆ మనిషినే ప్రపోజల్ మేనేజర్ అంటాం, ఆ మనిషి చేయవలసిన పని గురించి ఈ రోజు మాట్లాడతాను.

రాసేవాళ్ల దగ్గర నుంచి కాగితాలు సేకరించి, అచ్చుతప్పులు దిద్ది, వేళకు పంపించే ఉద్యోగినే ప్రపోజల్ మేనేజర్ అంటారన్న అభిప్రాయం చాలా కంపెనీలలో పాతుకుపోయి ఉంది. ఆ పనులన్నీ చేయవలసినవే, కాని ఉద్యోగం అక్కడితో ఆగదు. ప్రభుత్వం తరఫున ఆ పత్రాన్ని దిద్ది విలువ కట్టబోయే మనిషిని మొదటి రోజు నుంచి చివరి గంట దాకా బృందం కళ్ల ముందు నిలిపి ఉంచడమే ఈ నాయకత్వం అని నేను నమ్ముతాను. కంపెనీలో ఎవరి చూపు వారిది. ఇంజనీరుకు తన పరిష్కారంలోని నేర్పు కనిపిస్తుంది, అమ్మకాల విభాగానికి కాంట్రాక్టు ఇచ్చే ప్రభుత్వ ఏజెన్సీలో తమకున్న పరిచయాలు కనిపిస్తాయి, ఆర్థిక విభాగానికి మిగిలే లాభం కనిపిస్తుంది, యజమానికి కంపెనీ పేరు కనిపిస్తుంది. దిద్దేవారి వైపు నుంచి చూడటమే ఉద్యోగ ధర్మంగా ఉన్నది ఒక్క ప్రపోజల్ మేనేజరుకే. నేను చెప్పబోయేదంతా ఆ చూపు నుంచి వచ్చేదే.

ముందుగా ఆ దిద్దేవారు ఎవరో, వారి ముందు ఏముంటుందో చూద్దాం. మూల్యాంకన బృందంలో కూర్చునేవారిలో చాలామందికి అది శాశ్వతమైన ఉద్యోగం కాదు. ఏదో కార్యక్రమంలో సాంకేతిక నిపుణులుగానో, ప్రాజెక్టు పర్యవేక్షకులుగానో పనిచేస్తూ, ఈ బాధ్యత కోసం కొన్ని వారాలపాటు పక్కకు వచ్చినవారు. వారి ముందు ఒకదాని మీద ఒకటిగా ప్రతిపాదనలు ఉంటాయి, ఒక్కొక్కదానికీ నింపవలసిన మూల్యాంకన పత్రం ఉంటుంది. సొలిసిటేషన్‌లో, అంటే ప్రతిపాదనలు పంపమని ప్రభుత్వం ఇచ్చే పత్రంలో, ప్రకటించిన అంశాలను తప్ప వేరే దేన్నీ ఆధారం చేసుకోకూడదన్నది వారిని కట్టిపడేసే నియమం. ఫెడరల్ అక్విజిషన్ రెగ్యులేషన్, అంటే 1984 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న, మనమందరం ఫార్ అని పిలిచే నియమావళి, ఈ విషయంలో స్పష్టంగా ఉంటుంది. వారు మన పత్రంలో బలాలు, బలహీనతలు, లోపాలు గుర్తించి, ప్రతిదానికీ కారణం రాయాలి. ప్రభుత్వం అడిగినదాన్ని తీర్చడంలో ముఖ్యమైన వైఫల్యం ఉన్నా, పెద్ద బలహీనతలన్నీ కలిసి పని చెడిపోయే ప్రమాదాన్ని ఆమోదించలేనంత స్థాయికి పెంచినా దాన్ని లోపం అంటారు. సాంకేతిక విభాగంలో అటువంటి లోపం ఒక్కటి మిగిలిపోయినా ఆ ప్రతిపాదనకు కాంట్రాక్టు దక్కదు.

జవాబు పత్రం దిద్దే ఉపాధ్యాయుడు విద్యార్థికి ఎంత తెలుసో చూడడు, కాగితం మీద ఎంత రాశాడో చూస్తాడు. ఇక్కడా అంతే. ప్రస్తుతం ఆ పని చేస్తున్న కంపెనీకే ఈ సత్యం అన్నిటికంటే కష్టంగా మింగుడుపడుతుంది. ‘అయిదేళ్లుగా వాళ్ల భవనంలోనే కూర్చుని పనిచేస్తున్నాం, మనమేం చేస్తున్నామో వాళ్లకు తెలియదా?’ అని ఆ బృందంలోని ఇంజనీర్లు అడుగుతారు. తెలియవచ్చు. కాని తెలిసినదాన్ని మార్కుగా మార్చే అధికారం దిద్దేవారికి సాధారణంగా ఉండదు. సమగ్రమైన వివరాలతో చక్కగా రాసిన ప్రతిపాదన ఇవ్వవలసిన బాధ్యత పోటీదారుదేనని, ప్రస్తుత కాంట్రాక్టరు అయినా ఆ భారం తగ్గదని అమెరికా కాంగ్రెస్‌కు చెందిన తనిఖీ సంస్థ గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్, అంటే జీఏఓ, పోటీదారుల ఫిర్యాదుల మీద ఇచ్చే తీర్పుల్లో పదే పదే చెబుతూ వస్తోంది. చేతిలో ఉన్న కాంట్రాక్టును తిరిగి గెలవవలసిన ప్రతిపాదనను నడిపించేటప్పుడు, ఆ ఏజెన్సీలో ఎన్నడూ అడుగుపెట్టని కంపెనీ రాస్తున్నట్టుగా రాయమని బృందానికి చెప్పండి. మొదట్లో చిన్నబుచ్చుకుంటారు, కాని రాత మెరుగుపడుతుంది.

ఇక సొలిసిటేషన్‌ను చదవడం గురించి. పోటీ చర్చల పద్ధతిలో, అంటే అవసరమైతే పోటీదారులతో చర్చించి ఎంచుకునే పద్ధతిలో, వచ్చే ఆర్‌ఎఫ్‌పీలు (ప్రతిపాదనలు కోరే సొలిసిటేషన్లు) ఎ నుంచి ఎం వరకు విభాగాలుగా ఉండటం మీకు తెలిసినదే. సి విభాగంలో చేయవలసిన పని ఉంటుంది, ఎల్ విభాగంలో ప్రతిపాదన ఎలా రాసి ఇవ్వాలో ఉంటుంది, ఎం విభాగంలో దేన్ని బట్టి మూల్యాంకనం చేస్తారో ఉంటుంది. ముందే కుదిరిన ఒప్పందాల కింద జరిగే షెడ్యూలు కొనుగోళ్లలో, టాస్క్ ఆర్డర్లలో ఈ అక్షరాలు కనిపించకపోవచ్చు. పైగా 2025 ఏప్రిల్‌లో వెలువడిన అధ్యక్షుడి ఉత్తర్వుతో ఫార్‌ను సమూలంగా తిరగరాసే పని మొదలైంది కనుక, నేను ఈ రోజు చెప్పే సంఖ్యలనూ గడువులనూ మీ చేతిలో ఉన్న సొలిసిటేషన్‌తో సరిచూసుకునే వాడండి. అక్షరాలు మారినా మూడు ప్రశ్నలు మారవు: ఏం చేయమంటున్నారు, ఎలా రాయమంటున్నారు, దేనికి విలువ ఇస్తామంటున్నారు.

ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోవని అనుకునే చదవడం మొదలుపెట్టాలి. సొలిసిటేషన్‌లో పని వివరాలు ఒకరు రాస్తారు, సూచనలు మరొకరు పాత పత్రం నుంచి తెచ్చి అతికిస్తారు, మూల్యాంకన అంశాలు ఇంకొకరు నిర్ణయిస్తారు. ఒక ఉదాహరణ తీసుకుందాం. ప్రతి నెలా అయిదో తేదీలోగా పని పురోగతి నివేదిక ఇవ్వాలని సి విభాగంలో ఒక వాక్యం ఉంది. నిర్వహణ పద్ధతిని అయిదు పేజీలకు మించకుండా వివరించమని ఎల్ విభాగం చెప్పింది, అందులో నివేదికల ప్రస్తావనే లేదు. ఎం విభాగానికి వస్తే, ‘సమస్యలను ముందుగానే పసిగట్టి ప్రభుత్వానికి తెలియజేసే సామర్థ్యాన్ని పరిశీలిస్తాము’ అని ఉంది. ఎల్ విభాగాన్ని మాత్రమే పట్టుకున్న రచయిత సంస్థాగత పటం, సమావేశాల జాబితా రాసి అయిదు పేజీలు నింపుతాడు. సి విభాగాన్ని మాత్రమే పట్టుకున్నవాడు అయిదో తేదీకి నివేదిక ఇస్తామని హామీ రాసి ఊరుకుంటాడు. ఈ మూడింటినీ కంప్లయన్స్ మ్యాట్రిక్స్‌లో, అంటే సొలిసిటేషన్ అడిగిన ప్రతిదాన్నీ విడదీసి రాసుకునే పట్టికలో, ఒకే వరుసలో పక్కపక్కన పెట్టిన మేనేజరుకు మాత్రమే అసలు రాయవలసినది కనిపిస్తుంది. ఆ నెలవారీ నివేదికను రిస్కులను ముందుగా బయటపెట్టే సాధనంగా చూపించాలి, అందులో ఏ సూచిక ఏ స్థాయి దాటితే అయిదో తేదీ వరకు ఆగకుండా అదే రోజు ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారో చెప్పాలి, అదంతా ఆ అయిదు పేజీల్లోనే ఇమడాలి.

అందువల్ల మ్యాట్రిక్స్ తయారీని మేనేజర్ స్వయంగా చేయాలని, కనీసం మొదటిసారైనా ప్రతి వాక్యాన్నీ తన కళ్లతో చదివి విడగొట్టాలని నేను పట్టుబట్టి చెబుతాను. ‘చేయవలెను’, ‘ఇవ్వవలెను’ అన్న క్రియలను వెతికి పట్టిక నింపే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, వాటిని వాడుకోవడంలో తప్పు లేదు. కాని ఆ పట్టికను నింపుతున్నప్పుడే మేనేజరుకు సొలిసిటేషన్ పూర్తిగా పట్టుబడుతుంది. ఏ అటాచ్‌మెంట్‌లో దాక్కున్న షరతు ఏ పేజీ పరిమితిని దెబ్బతీస్తుందో, ఏ రెండు వాక్యాలు పరస్పరం విరుద్ధంగా ఉన్నాయో అప్పుడే తెలుస్తుంది. ఆ విరుద్ధాలే తరువాత ఆ కొనుగోలును నడిపే ప్రభుత్వ అధికారికి, అంటే కాంట్రాక్టింగ్ ఆఫీసరుకు, పంపే ప్రశ్నలు అవుతాయి. ఆ ప్రశ్నలను కూడా జాగ్రత్తగా రాయాలి, ఎందుకంటే జవాబులు పోటీదారులందరికీ అందుతాయి, ప్రశ్నలోనే మన పరిష్కారం ఆనవాలు బయటపడకూడదు. జవాబులతో పాటు సవరణలు వస్తాయి. వచ్చిన ప్రతి సవరణనూ అందినట్టు అంగీకరిస్తూ తిరిగి తెలియజేయాలి, ఆ సాయంత్రమే మ్యాట్రిక్స్‌లోనూ, రాసేవారి చేతిలోని రూపురేఖల్లోనూ మార్పులు చేయాలి. పాత సవరణ ప్రకారం రాసిన పేజీ ఒక్కటి చివరిదాకా మిగిలిపోయినా దిద్దేవారి దృష్టిలో అది నియమోల్లంఘనే.

అన్నిటికంటే ముందు తేల్చవలసిన ప్రశ్న మరొకటి ఉంది: అసలు ఈ పోటీలో దిగాలా, వద్దా? ఫెడరల్ ఆర్థిక సంవత్సరం సెప్టెంబర్ 30తో ముగుస్తుంది కాబట్టి జూలై నుంచి సొలిసిటేషన్లు ముంచుకొస్తాయి, చిన్న కంపెనీలు వచ్చిన ప్రతిదానికీ పరుగెత్తుతాయి. ప్రతిపాదన ఖర్చు పరోక్ష ఖర్చుల ఖాతాలో పడుతుంది, అంటే ఓడిపోయిన ప్రతిపాదన కోసం పెట్టిన గంటలు కంపెనీ రేట్ల మీద భారమై రేపటి ధరను పెంచుతాయి. అంతకు మించి, ఒకే బృందం మూడు ప్రతిపాదనల మధ్య చీలిపోయినప్పుడు గెలవగలిగిన ఆ ఒక్కటి కూడా నీరసంగా తయారవుతుంది. సమాచారం కోసం ఏజెన్సీ ప్రకటన ఇచ్చినప్పుడు మనం స్పందించామా, ముసాయిదా ఆర్‌ఎఫ్‌పీ మీద వ్యాఖ్యలు పంపామా, ఆ కార్యాలయం ఇబ్బంది ఏమిటో మనకు తెలుసా అని అడగాలి. సొలిసిటేషన్ ప్రభుత్వ కొనుగోళ్ల ప్రకటనలు వెలువడే వెబ్‌సైటు శామ్.గవ్‌లో కనిపించిన రోజే మొదటిసారి ఆ పని గురించి విన్నామంటే, మనకంటే నెలల ముందు సిద్ధమైనవారు అక్కడ ఉన్నారనే అర్థం. ఆర్‌ఎఫ్‌పీ వెలువడ్డాక మాట్లాడవలసింది కాంట్రాక్టింగ్ ఆఫీసరుతోనే. అప్పుడు కొత్తగా పరిచయాలు పెంచుకోవాలని చూడటం మంచిది కాదు. పోటీదారుల ధరలు, మూల్యాంకన సమాచారం వంటివి సంపాదించే ప్రయత్నం ప్రొక్యూర్‌మెంట్ ఇంటెగ్రిటీ చట్టం కిందికి వచ్చే తీవ్రమైన విషయం. దిగవద్దు అని చెప్పే హక్కు చాలామంది ప్రపోజల్ మేనేజర్లకు ఉండదు, నిర్ణయం పైవారిది. అయినా ఎం విభాగంలోని ఒక్కొక్క అంశం ఎదుట మన దగ్గర ఉన్న ఆధారాన్ని రాసి, ఖాళీలను ఖాళీలుగానే చూపిస్తూ ఒక పేజీ పైవారి ముందు పెట్టడం మన చేతిలో ఉన్న పని. ఆ పేజీ చూశాక కూడా దిగుదామంటే, ఏ ఖాళీని ఎవరు నింపుతారో అదే సమావేశంలో అడగండి.

మనుషులను నడిపించే విషయానికి వద్దాం. ఈ ఉద్యోగంలోని అసలైన కష్టం ఇక్కడే ఉంది. ప్రపోజల్ మేనేజరు కింద పనిచేసే ఉద్యోగులు ఇద్దరో ముగ్గురో ఉంటారు, అది కూడా పెద్ద కంపెనీలలో. రాయవలసిన ఇంజనీరు మరో ప్రాజెక్టు మీద ఉంటాడు, తన గంటలకు లెక్క చెప్పవలసింది ఇంకో మేనేజరుకు. సబ్‌కాంట్రాక్టరు మరో కంపెనీ, రేపు మరో పోటీలో మనకే ఎదురు నిలవవచ్చు. ధర కట్టేవారు తమ లెక్కలు ఎవరికీ చూపించడానికి ఇష్టపడరు. వీరెవరి మీదా మనకు అధికారం లేదు, కాని అందరి పనికీ జవాబు చెప్పవలసింది మనమే. గొంతు పెంచి ఈ పని చేయించడం సాధ్యం కాదు. వారి సమయానికి మనం ఇచ్చే గౌరవమే మనకు దొరికే అధికారం.

గౌరవం అన్న మాటకు ఇక్కడ నేను చెప్పే అర్థం చాలా ఆచరణాత్మకమైనది. ఒక ఇంజనీరుకు ‘నిర్వహణ విభాగం రాయండి, శుక్రవారంలోగా కావాలి’ అని ఖాళీ పత్రం పంపడం ఆయన సమయాన్ని అగౌరవపరచడమే. ఆయనకు ఇవ్వవలసింది శీర్షికలతో సహా సిద్ధమైన రూపురేఖలు. ప్రతి శీర్షిక కింద ఎల్ విభాగం ఏం అడిగింది, ఎం విభాగం దేనికి విలువ ఇస్తుంది, ఎన్ని పేజీలు ఉన్నాయి, ఏ పాత కాంట్రాక్టు నుంచి ఆధారం తేవాలి, ఏ బొమ్మ ఇక్కడ రావాలి అన్నవి రాసి ఉండాలి. అలాంటి పత్రం అందుకున్న మనిషి రెండు గంటల్లో పనికొచ్చే ముసాయిదా ఇస్తాడు, ఖాళీ పేజీ అందుకున్నవాడు రెండు రోజులు తీసుకుని కంపెనీ చరిత్ర రాసి పంపుతాడు.

ముసాయిదా వచ్చాక మేనేజర్ చేసే పనిని దగ్గరగా చూపిస్తాను. హెల్ప్‌డెస్క్ నిర్వహణకు సంబంధించిన విభాగంలో ఒక రచయిత ఇలా రాశాడనుకోండి: ‘మా కంపెనీకి హెల్ప్‌డెస్క్ నిర్వహణలో అపారమైన అనుభవం ఉంది. అత్యుత్తమ నాణ్యతతో సకాలంలో సేవలు అందించడానికి మేము కట్టుబడి ఉన్నాము.’ వ్యాకరణ దోషం లేదు. కాని దిద్దేవారు తన మూల్యాంకన పత్రంలో ‘బలం’ అన్న గడిలో ఇందులోంచి ఏ మాట ఎత్తి రాసుకోగలరు? ఒక్కటీ లేదు, పోటీదారులందరూ ఇదే వాక్యం రాస్తారు. అప్పుడు రచయితను పిలిచి వాక్యం బాగాలేదని చెబితే మరో అలాంటి వాక్యమే వస్తుంది. ఆయన చేసిన పని గురించి అడగాలి. సోమవారం ఉదయం కాల్స్ ఒక్కసారిగా పెరిగినప్పుడు మీరేం చేసేవారు? ‘ఏముంది, సోమవారాలు ఇద్దరిని గంట ముందు రమ్మనేవాళ్లం. అయినా అందులో ఎక్కువ భాగం పాస్‌వర్డ్ మరచిపోయినవాళ్లే, అందుకని దాన్ని వాళ్లే మార్చుకునే పేజీ ఒకటి పెట్టాం, ఆ తరువాత రద్దీ తగ్గింది’ అంటాడాయన, అదేమంత చెప్పుకోదగ్గ విషయం కాదన్నట్టుగా. ప్రతిపాదనలోకి రావలసింది సరిగ్గా అదే. ఎంత తగ్గిందో నమోదైన అంకె ఏది, అది ఏ కాంట్రాక్టులో, ఆ మాటను ధ్రువీకరించగల ప్రభుత్వ అధికారి ఎవరు అని మరో మూడు ప్రశ్నలు అడిగితే, వారాంతం తరువాతి రద్దీని షిఫ్టుల సర్దుబాటుతోనూ, స్వయంసేవ పేజీతోనూ ఎలా తగ్గించామో, అదే ఏర్పాటును ఈ ఏజెన్సీలో పని మొదలైన ఎన్నో వారానికి అమలు చేస్తామో చెప్పే పేరా తయారవుతుంది. దిద్దేవారు దాన్ని దాదాపు ఉన్నదున్నట్టుగా తన పత్రంలోకి ఎత్తి రాసుకోవచ్చు. పనిచేసేవారి నోట ఇలాంటి బంగారం ఉంటుంది, తవ్వి తీయడానికి ఎవరో ఒకరు ఓపికగా ఎదురుగా కూర్చోవాలి. ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

అలా రాసినది నిజమై ఉండాలి. గెలిచాక మన ప్రతిపాదనను కాంట్రాక్టులో భాగంగా చేర్చే అవకాశం ఉంది, అప్పుడు ఆ హామీలు తీర్చవలసిన బాధ్యతలవుతాయి. తెలిసి అబద్ధం రాసి డబ్బు తీసుకుంటే 1863 నాటి ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం ఇప్పటికీ పట్టుకుంటుంది. ఈ మధ్య కృత్రిమ మేధ సాధనాలతో ముసాయిదాలు రాయించడం మామూలైంది. సారాంశాలకు, పోలికలకు అవి పనికివస్తాయి. కాని నేను ఇందాక చెప్పిన సోమవారం ఉదయం సంగతి వాటికి తెలియదు, తెలియనిచోట అవి నమ్మదగినట్టుగా కల్పించి రాస్తాయి. ప్రభుత్వం నియంత్రిత సమాచారంగా గుర్తించినదాన్ని బయటి సాధనంలో పెట్టడం అంతకంటే పెద్ద తప్పు. ఏది పెట్టవచ్చో, ఏది పెట్టకూడదో ప్రారంభ సమావేశంలోనే రాతపూర్వకంగా చెప్పాలి.

సమీక్షల గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే కంపెనీలు ఎక్కువ శ్రమపడి తక్కువ ఫలితం పొందేది ఇక్కడే. పింక్ టీమ్, రెడ్ టీమ్, గోల్డ్ టీమ్ అన్న పేర్లు అందరికీ తెలుసు. రూపురేఖలూ, పరిష్కారమూ సరైన దారిలో ఉన్నాయా అన్నది పింక్ టీమ్ చూడాలి, దాదాపు పూర్తయిన ప్రతిని దిద్దేవారి స్థానంలో కూర్చుని రెడ్ టీమ్ చదవాలి, ధర, రిస్కు, తుది అంగీకారం గోల్డ్ టీమ్ పని. ఆచరణలో ఏమవుతుందంటే, రెడ్ టీమ్ రోజున సీనియర్ అధికారులు సొలిసిటేషన్ చదవకుండా వచ్చి, కామాలు మారుస్తారు, తమకు నచ్చిన మాటలు చేరుస్తారు, రెండు పేజీల కిందటే ఉన్న విషయం ఎందుకు లేదని అడుగుతారు. ఒకరు తగ్గించమన్న పేరాను మరొకరు పెంచమంటారు. వందలకొద్దీ వ్యాఖ్యలతో రచయితలు బిక్కచచ్చిపోతారు.

దీన్ని ఆపగలిగేది మేనేజరే. సమీక్షకులకు ముందు రోజే ఎం విభాగం, మూల్యాంకన పత్రం నమూనా పంపాలి. ప్రతి అంశానికీ బలం, బలహీనత, లోపం గుర్తించి, పేజీ సంఖ్యతో రాయమనాలి, అంటే దిద్దేవారు చేసే పనినే వారి చేత చేయించాలి. భాష సంగతి ఎడిటరు చూసుకుంటారని స్పష్టంగా చెప్పాలి. సమీక్ష ముగిశాక వ్యాఖ్యలన్నిటినీ రచయితల మీద కుమ్మరించకుండా, మేనేజరూ, పరిష్కారానికి బాధ్యుడైన సాంకేతిక నాయకుడూ కూర్చుని ఏది అమలు చేయాలి, ఏది వదిలేయాలి అన్నది తేల్చి, రచయితకు తేలిన నిర్ణయాలే ఇవ్వాలి. వైస్ ప్రెసిడెంట్ రాసిన వ్యాఖ్యను వదిలేయడానికి ధైర్యం కావాలి. ఆ వ్యాఖ్యకు ఎం విభాగంలో ఆధారం లేదని ఆయనకే మర్యాదగా వివరించగలిగితే, తరువాతి సమీక్షకు ఆయన ఎం విభాగం చదివి వస్తారు.

ధర సంపుటి గురించి ఒక్క మాట. సాంకేతిక సంపుటిలో పన్నెండుమంది సిబ్బంది కనిపించి, ధర పట్టికలో పది మంది గంటలే ఉంటే, దిద్దేవారికి మన మీద నమ్మకం అక్కడే పోతుంది. ఖర్చులను తిరిగి చెల్లించే రకం కాంట్రాక్టులలో మన ఖర్చు అంచనా వాస్తవికంగా ఉందో లేదో ఏజెన్సీ పరిశీలిస్తుంది, తక్కువ చూపించినచోట తన లెక్కలో పెంచుకుంటుంది కూడా. రెడ్ టీమ్ తరువాత సాంకేతిక బృందం సిబ్బంది పట్టికలో చేసిన ప్రతి మార్పూ అదే రోజు ధర కట్టేవారికి చేరే ఏర్పాటు ఉండాలి.

గత పనితీరు, కీలక సిబ్బంది విషయాల్లో చివరి నిమిషపు హడావుడి చాలా నష్టం చేస్తుంది. సొలిసిటేషన్ గత పనితీరులో ఎన్నేళ్లలోపు పనులు, ఎంత పరిమాణం, ఎలాంటి పని అని నిర్వచిస్తుంది. పేరున్న పెద్ద కాంట్రాక్టు కంటే ఆ నిర్వచనానికి దగ్గరగా ఉన్న చిన్న కాంట్రాక్టు ఎక్కువ మేలు చేస్తుంది. సంబంధిత గత పనితీరు రికార్డు లేని కొత్త కంపెనీని ఆ అంశంలో అనుకూలంగా గాని, ప్రతికూలంగా గాని చూడకూడదని ఫార్ చెబుతుంది కనుక, చిన్న కంపెనీలవారు ఆ ఒక్క కారణంతో వెనకడుగు వేయనక్కరలేదు. కీలక సిబ్బంది విషయానికి వస్తే, ప్రతిపాదన ఇచ్చాక, ఫలితం రాకముందే ఆ మనిషి ఉద్యోగం మానేయవచ్చు. ఆ సంగతి తెలిసినప్పుడు ఏజెన్సీకి చెప్పవలసిన బాధ్యత మనదేనని జీఏఓ చాలాకాలంగా చెబుతోంది. కాబట్టి ప్రతిపాదన పంపాక కూడా ఆ కొద్దిమందితో మాట్లాడుతూ ఉండాలి.

గడువు గురించి కఠినంగానే చెప్పాలి. గడువు దాటి అందిన ప్రతిపాదనను, చాలా ఇరుకైన మినహాయింపులు తప్పిస్తే, ప్రభుత్వం తీసుకోదు. గడువు అంటే ప్రభుత్వ కార్యాలయం ఉన్న చోటి సమయం. సొలిసిటేషన్‌లో వేళ చెప్పకపోతే ఫార్ ప్రకారం అక్కడి సాయంత్రం 4:30. మనం పంపిన వేళ లెక్కలోకి రాదు, నిర్దేశించిన చోట వారికి అందిన వేళే లెక్క. ఈమెయిల్‌లో అటాచ్‌మెంట్ పరిమాణ పరిమితి, పోర్టల్‌లో ఖాతా తెరవడానికి పట్టే సమయం, శామ్ రిజిస్ట్రేషన్ గడువు తీరిపోవడం, అక్షరం పరిమాణం తగ్గించి పేజీలు కుదించడం, మించిన పేజీలను దిద్దేవారు చదవకుండా తీసి పక్కన పెట్టడం, ఇవన్నీ మంచి ప్రతిపాదనలను చంపేసిన కారణాలు. గడువుకు ఒక రోజు ముందే పంపేలా ప్రణాళిక వేసుకోవాలి. ఆ రోజును రచయితలు అడిగినా, యజమాని అడిగినా ఇవ్వకూడదు. పోర్టల్‌లోకి ఫైళ్లు ఎక్కించేటప్పుడు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒకరు ఎల్ విభాగంలోని ఫైలు పేర్లను పైకి చదవాలి, మరొకరు ఎక్కించి, తిరిగి దించుకుని తెరిచి చూడాలి. అందినట్టు వచ్చిన రసీదును భద్రపరచాకే బృందానికి పని పూర్తయిందని చెప్పాలి.

ఫలితం వచ్చాక చేయవలసిన పనికి వ్యవధి చాలా తక్కువ. పోటీ చర్చల పద్ధతిలో జరిగిన కొనుగోలు అయితే, ఫలితం తెలిసిన మూడు రోజుల్లోగా డిబ్రీఫింగ్, అంటే మన ప్రతిపాదనను ఎలా అంచనా వేశారో ఏజెన్సీ ఇచ్చే వివరణ, రాతపూర్వకంగా అడగాలి. రక్షణ శాఖ కొనుగోళ్లలో దాని తరువాత అదనపు ప్రశ్నలు పంపడానికి రెండు పనిదినాలు ఉంటాయి. జీఏఓలో ఫిర్యాదు చేయాలనుకుంటే రోజులు ఇంకా చురుగ్గా లెక్కపెట్టుకోవాలి, ఎందుకంటే పనిని నిలిపివేయించే గడువు, ఫిర్యాదు గడువు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. ఫిర్యాదు చేస్తే జీఏఓ 100 రోజుల్లోగా తేల్చాలి. ఈ నిర్ణయం న్యాయవాదితో కలిసి తీసుకోవలసినది కనుక నేను ఇంతకంటే చెప్పను.

డిబ్రీఫింగ్‌ను వాదించడానికి వాడుకునేవారు ఎక్కువమంది, వినడానికి వెళ్లేవారు తక్కువ. దిద్దేవారు నిజంగా ఏం రాసుకున్నారో మనకు తెలిసే సందర్భం ఇదొక్కటే. ఏ పేరాను బలంగా గుర్తించారు, ఏ పేరా వారి కంట పడనే లేదు, మనం గొప్పదనుకున్న బొమ్మ వారికి ఎందుకు అర్థం కాలేదు, ఇవి అడగండి. గెలిచినప్పుడు కూడా డిబ్రీఫింగ్ అడగండి, చాలా కంపెనీలు దాన్ని వదిలేస్తున్నాయి. అక్కడ విన్నదాన్ని అమ్మకాల విభాగం నివేదికలో పాతిపెట్టకుండా, ఆ విభాగం రాసిన ఇంజనీరు దగ్గరికే తీసుకువెళ్లి, ఆయన రాసిన పేజీని ఆయన ముందు తెరిచి, దిద్దేవారు ఆ పేజీ గురించి ఏమన్నారో చూపించండి. తరువాతి ప్రతిపాదనకు ఆయనను మళ్లీ అడిగినప్పుడు, తన మేనేజరు అనుమతి ఆయనే తెచ్చుకుని వస్తాడు.

ఇప్పుడు మీ ప్రశ్నలు తీసుకుంటాను.